లాహిరి లాహిరి వరస ఎవరిది? సాలూరి రాజేశ్వరరావు గారి పేరు ఎందుకు చెప్పరు?

పాతపాటల_పిచ్చి
మొన్న ఆదివారం ఒక టీవీ పాటల పోటీలో ఓ పాప 'లాహిరి లాహిరి లాహిరిలో' పాడింది. ఎంత బాగా పాడిందో! పాట అయ్యాక యాంకరమ్మ ఘంటసాల గారి స్వరరచన అంటూ ఒక నిమిషం మాట్లాడింది, జడ్జిలు తలలూపారు. సాలూరి రాజేశ్వరరావు గారి పేరు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. ఫోన్‌లో పాటల యాప్ తెరిచి చూస్తే అక్కడా అంతే, మాయాబజార్ మొత్తానికీ ఘంటసాల అనే ఉంది.

ఆ సినిమాకి సంగీత దర్శకుడిగా మొదట పెట్టుకున్నది రాజేశ్వరరావు గారిని. నాలుగు పాటలకి వరసలు కట్టి తప్పుకున్నారు. లాహిరి లాహిరి, చూపులు కలసిన శుభవేళ, నీవేనా నను తలచినది, నీకోసమె నే జీవించునది. ఈ నాలుగూ తీసేస్తే శశిరేఖకీ అభిమన్యుడికీ మధ్య ప్రేమ ఎక్కడుంది చెప్పండి? అరవై ఏళ్ళు దాటినా ఆ నాలుగు పాటలకి ఆయన పేరు పక్కన పెట్టడం మనవల్ల కాలేదు. నాకు నిజంగా కడుపు మండిపోయింది. మీరేమంటారు?

రికార్డుల_రాజు
1957 సినిమా టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అనే పడింది. యాప్ వాళ్ళు దాన్నే ఎక్కించారు. తప్పు వాళ్ళది ఎలా అవుతుంది?

ఇంకో మాట. వరస కట్టగానే పాట అయిపోదు. ఆ నాలుగు పాటలకీ వాద్యాలు ఎక్కడ రావాలో చూసుకుని, గాయకులకి నేర్పి, రికార్డింగ్ చేసింది ఘంటసాల గారు. మళ్ళీ పాడింది ఆయనే. మిగతా పాటలకి వరసలూ ఆయనవే. అహ నా పెళ్ళియంట, సుందరి నీవంటి, అల్లీ బిల్లీ... ఎన్నని చెప్పను. అంత పని చేసిన మనిషి పేరు టైటిల్స్‌లో పడితే అన్యాయం అంటే ఎలా?

పాతపాటల_పిచ్చి
రాజు గారూ, ఆయన పేరు తీసేయమని నేను అనలేదు కదండీ. పక్కన ఇంకో పేరు పెట్టమంటున్నాను.

తబలా_శీను
రాజు గారితో సగం ఏకీభవిస్తాను. నేను ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, వరస చేతిలో ఉన్నా దానికి బీజీఎమ్‌లు, కౌంటర్లు (వరస వెనక జతగా నడిచే ఇంకో వరస), రిథమ్ కుదరకపోతే పాట నిలబడదు. లాహిరిలో పడవ నడక ఉంది చూశారూ, తెడ్డు వేసినట్టు ఊగే ఆ లయ, అది పాటకి ప్రాణం. అందులో ఎంత వరసలోనే ఉంది, ఎంత రికార్డింగ్‌లో వచ్చింది అన్నది ఇప్పుడు మనం గీత గీసి చెప్పలేం. ఇద్దరి పేర్లూ ఉండాలి. అంతే.

ఇజీనారం_కుర్రాడు
ఇద్దరూ మావాళ్ళే, మీరు కొట్టుకోకండి 😀 సాలూరి వారిది సాలూరు పక్కన శివరామపురం. ఘంటసాల గారు చదువుకున్నది మా విజయనగరం సంగీత కళాశాలలో. సుశీలమ్మ పుట్టింది విజయనగరంలో. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కాలేజీలోనే పనిచేశారు. రాజేశ్వరరావు గారి నాన్న సన్యాసిరాజు గారు ఆ ద్వారం వారికే మృదంగం వాయించేవారు. మా నీళ్ళలో ఏదో ఉంది.

కోస్తా_కబుర్లు
@ఇజీనారం_కుర్రాడు మీ నీళ్ళు రెండు క్యాన్లు పంపించు తమ్ముడూ, మా అబ్బాయికి శ్రుతి అసలు నిలవట్లేదు.

సుధ_సంగీతం
నేను పిల్లలకి సంగీతం చెప్తాను. క్లాసులో జరిగే సంగతి ఒకటి రాస్తాను.

మోహన రాగంలో 'వరవీణా మృదుపాణి' గీతం నేర్పాక, ఇదే రాగంలో సినిమా పాట ఏదైనా చెప్పండి అని అడుగుతాను. పిల్లలకి తట్టదు. నేను లాహిరి లాహిరి మొదలుపెట్టగానే, "ఇది మా తాతయ్య పాడతాడు టీచర్" అని ఎవరో ఒకరు లేస్తారు. శుద్ధసావేరికి వచ్చేసరికి 'ఆనలేకర' గీతం. అది అయ్యాక మిస్సమ్మలో 'బృందావనమది అందరిది' పాడించి, అవే స్వరాలు వేళ్ళమీద లెక్కపెట్టమంటాను. స రి మ ప ద. గాంధారం లేదు, నిషాదం లేదు. ఐదు స్వరాలతో ఎంత సరదా పాట చేశారో పిల్లల మొహాల్లోనే తెలిసిపోతుంది. గీతం పాడేటప్పుడు బిగుసుకుపోయిన పిల్ల సినిమా పాట దగ్గరికి వచ్చేసరికి భుజాలు ఊపుతుంది.

రాగాన్ని ఎక్కడా చెడగొట్టకుండా, అదే సమయంలో సంగీతం రానివాడు కూడా కూనిరాగం తీసేలా వరస కట్టడం చాలా కష్టం అండీ. రాజేశ్వరరావు గారు ఆ పని ఎంత తేలిగ్గా చేసేవారంటే వినేవాళ్ళకి అది కష్టమైన పని అని కూడా తెలియదు. పేరు మరుగున పడటానికి అది కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది.

నిశాచరుడు
సుధ గారి పోస్టుకి రెండు వీరతాళ్ళు వేయండి.

శారద_హైదరాబాద్
బృందావనమది హిందీలో కూడా విన్నాను. మిస్ మేరీ సినిమాలో లతా, రఫీ పాడారు. అదే వరస. మరి అక్కడ రాజేశ్వరరావు గారి పేరు వేశారా?

రికార్డుల_రాజు
మిస్ మేరీ 1957. సంగీతం హేమంత్ కుమార్. మిస్సమ్మకి హిందీ రీమేక్ కాబట్టి ఆ ఒక్క పాట వరస అలాగే ఉంచారు. మామూలుగా మనవాళ్ళు హిందీ పాటలు తెచ్చుకున్న కాలం అది. అప్పుడు ఇక్కడి వరస అక్కడికి వెళ్ళిందంటే చిన్న విషయం కాదు. ఇందులో మాత్రం పాతపాటల_పిచ్చి గారితో గొడవ లేదు, గర్వంగా చెప్పుకోవాల్సిందే.

సినీజీవి
అంత పొగడక్కర్లేదు లెండి. రాజేశ్వరరావు గారు కూడా బెంగాలీ, హిందీ వరసలు తెచ్చుకున్నారు. 'నా హృదయంలో నిదురించే చెలీ' సొంత వరస కాదు కదా. ఆరాధన (1962) బెంగాలీ సాగరికకి రీమేక్, ఆ పాట వరస కూడా అక్కడిదే.

లలిత_గీతం
@సినీజీవి అవును, వరస బెంగాలీదే. రీమేక్ సినిమాల్లో వరసలు కూడా వెంట రావడం అప్పట్లో మామూలే. పైన రాజు గారు చెప్పిన మిస్ మేరీ కూడా అదే కదా, ఒకటి వచ్చింది, ఒకటి వెళ్ళింది. కానీ ఆ ఒక్క పాట చూపించి మనిషి మొత్తాన్ని తక్కువ చేయకండి. మల్లీశ్వరి ఎక్కడినుంచి తెచ్చారు? విప్రనారాయణ ఎక్కడినుంచి? చెంచులక్ష్మిలో 'చెట్టులెక్కగలవా ఓ నరహరి' ఏ ఊరి నుంచి దిగుమతి అయింది?

పైగా 'నా హృదయంలో' పాటలో శ్రీశ్రీ మాటలు ఆ వరసలో ఎలా ఒదిగాయో, ఘంటసాల గారు ఎంత మెత్తగా పాడారో వినండి. ఎక్కడినుంచో వచ్చిన వరస అని చెప్తే తప్ప ఎవరికీ తెలియదు.

సినీజీవి
తక్కువ చేయలేదండీ. నిజం నిజంగా ఉండాలి అన్నాను. మాయాబజార్ విషయంలో మీరందరూ అడుగుతున్నది కూడా అదేగా?

లలిత_గీతం
అది సరే. ఒప్పుకుంటాను.

బెజవాడ_రేడియో
ఇక్కడ చాలామంది సినిమా పాటల దగ్గరే ఆగిపోయారు. రాజేశ్వరరావు గారిని నేను మొదట విన్నది గాయకుడిగా. మా నాన్నగారి దగ్గర క్యాసెట్ ఉండేది, ఎవరో పాత గ్రామఫోన్ ప్లేట్ల నుంచి ఎక్కించి ఇచ్చింది. చర్ర్‌మంటూ మొదలై, ఆ చప్పుడు వెనకనుంచి ఒక పలచటి గొంతు. 'పాట పాడుమా కృష్ణా'. ఇంకోవైపు 'చల్లగాలిలో యమునాతటిపై'. తర్వాత రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి పాడినవి, 'కోపమేల రాధా', 'పొదరింటిలోనుండి', 'తుమ్మెదా ఒకసారి'.

ఆ రోజుల్లో నాటకాల గొంతులు ఎలా ఉండేవో మీకు తెలుసు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడాలి, అందుకని పద్యం ఎత్తితే పందిరి అదరాలి. ఈయన మైకు ముందు నిలబడి పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడారు. సాగదీత లేదు. మాట స్పష్టంగా పలికి, చివర్న చిన్న విరుపు ఇచ్చి వదిలేస్తారు. తెలుగులో లలిత సంగీతం అని తర్వాత రేడియోలో మనం విన్నదానికి దారి వేసిన పాటలు అవి. నా మటుకు నాకు మల్లీశ్వరి కంటే ఈ ప్లేట్లే ఎక్కువ.

కోస్తా_కబుర్లు
"మల్లీశ్వరి కంటే" అనేశారు! ఇప్పుడు చూడండి ఎంతమంది దిగుతారో.

శారద_హైదరాబాద్
దిగాను 🙂 బెజవాడ గారూ, మల్లీశ్వరి కంటే ఎక్కువ అనేది ఏదీ లేదు. 1951లో దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మొదటిసారి సినిమాకి రాయడం, భానుమతి గారు తన పాటలు తనే పాడుకోవడం, దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారి ఓపిక, ఇవన్నీ కుదిరాయి. 'మనసున మల్లెల మాలలూగెనే' వినండి. పాట మధ్యలో వాద్యాలు ఎంత తక్కువో చూడండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలారు. నాగరాజు వస్తున్నాడేమోనని మల్లి అటే చెవి పెట్టినట్టు ఉంటుంది ఆ ఖాళీ. ఇప్పుడైతే అక్కడ నాలుగు వయొలిన్లు దూర్చేవాళ్ళు.

తబలా_శీను
మల్లీశ్వరి మాట వచ్చింది కాబట్టి అద్దేపల్లి రామారావు గారి పేరు కూడా చెప్పాలి. ఆ సినిమాకి ఆర్కెస్ట్రా పని ఆయనది. సాలూరి వారి పేరు మర్చిపోయారని మనం బాధపడుతూ ఆయన వెనక ఉన్నవాళ్ళని మర్చిపోతే బాగోదు.

పాతపాటల_పిచ్చి
@తబలా_శీను ఇదే నేను అడుగుతున్నది. ఎవరు చేసిన పనికి వాళ్ళ పేరు. మీరు చెప్పకపోతే ఇక్కడ సగం మందికి అద్దేపల్లి గారి పేరు కూడా తెలిసేది కాదు.

ఇజీనారం_కుర్రాడు
రాజేశ్వరరావు గారి చిన్నప్పటి సంగతి ఎవరూ రాయలేదు. మాకు ఊళ్ళో కథలుగా చెప్పేవారు. పది పన్నెండేళ్ళ వయసులోనే గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు ప్లేట్లు ఇప్పించారు. అక్కణ్ణుంచి మద్రాసు. 1935లో శ్రీకృష్ణలీలలు సినిమాలో చిన్ని కృష్ణుడు. కంసుడు ఎవరో తెలుసా? వేమూరి గగ్గయ్య! ఆ గొంతు ముందు నిలబడి పాడాలంటే ఆ వయసులో ఎంత గుండె ఉండాలి.

మరుసటి ఏడాది శశిరేఖా పరిణయం. అందులో అభిమన్యుడు ఈయనే. అంటే 1936లో అభిమన్యుడిగా వేషం కట్టిన మనిషే 1957లో అభిమన్యుడు పాడే పాటలకి వరసలు కట్టారు. ఆ కథ ఆయన ఒంట్లో ఎప్పుడో ఇంకిపోయింది. అందుకే ఆ నాలుగు పాటలు వింటే ఆయనవి అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నిశాచరుడు
ఈ అభిమన్యుడి సంగతి నాకు తెలియనే తెలియదు. ఒళ్ళు జలదరించింది.

రికార్డుల_రాజు
కుర్రాడు మంచి పాయింట్ పట్టాడు. కాకపోతే "వింటే తెలిసిపోతుంది" అనేది రుజువు కాదు నాయనా. ఘంటసాల గారు కట్టిన వరసలు కొన్ని వింటే సాలూరి వారివే అనుకుంటాం. ఇద్దరూ ఒకే గాలి పీల్చినవాళ్ళు.

లలిత_గీతం
రాజు గారూ, రుజువు కాదు నిజమే. కానీ పోలిక కనిపిస్తుంది. రాజేశ్వరరావు గారు శశిరేఖా పరిణయం తర్వాత కలకత్తా వెళ్ళారు. అక్కడ పంకజ్ మల్లిక్, సైగల్ లాంటి వాళ్ళ దగ్గర మెలిగి హిందుస్తానీ, రవీంద్ర సంగీతం ఛాయలు వంటబట్టించుకుని వచ్చారు. సితార్ కూడా వాయించేవారు. ఆ బెంగాలీ మెత్తదనం, మన కర్ణాటక రాగం, రెండూ కలిసి ఒక రకమైన జారుడు వస్తుంది. 'చూపులు కలసిన శుభవేళ'లో అది ఉంది. 'ఓహో మేఘమాల' వినండి, మళ్ళీ అదే. డాక్టర్ చక్రవర్తిలో 'ఈ మౌనం ఈ బిడియం' వినండి. ఘంటసాల గారి వరసల్లో పద్యం వాసన, పల్లె వాసన ఎక్కువ. అవి వేరే అందం.

సుధ_సంగీతం
లలిత గారు బాగా చెప్పారు. డాక్టర్ చక్రవర్తి (1964) పేరు ఎత్తారు కాబట్టి నేను కూడా ఒకటి. 'పాడమని నన్నడగవలెనా', 'నీవు లేక వీణ పలుకలేనన్నది'. ఒకే సినిమాలో సుశీల గారికి ఇలాంటివి రెండు. ఆత్మీయులులో 'మదిలో వీణలు మ్రోగె', అమాయకురాలులో 'పాడెద నీ నామమే గోపాలా'. వీణ పట్టుకున్న హీరోయిన్ కనబడితే చాలు, సంగీతం సాలూరి వారేనా అని మా అమ్మ టైటిల్స్ కోసం వెతికేది.

పూజాఫలంలో 'పగలే వెన్నెల జగమే ఊయల' గురించి ఎవరూ అనలేదేం? హిందోళం. జానకి గారి గొంతు. సినారె గారి మాట. రిషభం, పంచమం లేని రాగంలో పగటి పూట వెన్నెల కురిపించేశారు. జానకి గారి పాటల్లో నేను పైన పెట్టుకునేది అదే. ఆ పాట మా స్టూడెంట్ ఒకమ్మాయి పోటీకి పాడతానంటే వద్దన్నాను, సాధన సరిపోదని. అయినా పట్టుపట్టి నేర్చుకుంది. ఒక్కో సంగతి విడిగా రాసుకుని, నడుస్తూ బస్సులో కూర్చుని అదే పాడుకుంది. ప్రైజ్ రాలేదు కానీ ఆ తర్వాత ఆ అమ్మాయి పాడే పద్ధతే మారిపోయింది.

శారద_హైదరాబాద్
పూజాఫలం కూడా బి.ఎన్. రెడ్డి గారిదే. మల్లీశ్వరి తర్వాత మళ్ళీ ఆ ఇద్దరూ.

సినీజీవి
ఒకటి అడుగుతా, ఎవరూ తిట్టకండి. పెండ్యాల గారికంటే సాలూరి వారు గొప్పా? 'శివశంకరీ' ముందు ఏది నిలబడుతుంది?

కోస్తా_కబుర్లు
అదిగో, తేనెతుట్టె కదిపాడు.

రికార్డుల_రాజు
పెండ్యాల గారికి వేరే థ్రెడ్ పెట్టండి, అందరం వస్తాం. ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి.

బెజవాడ_రేడియో
రాజు గారి మాటే. పోలికలు వద్దు. కానీ మొదటి పోస్టులో ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పేరు ఎందుకు చెప్పరు?

నా ఉద్దేశం ఇది. మన జనానికి పాట గొంతుతోనే గుర్తుంటుంది. 'మనసున మనసై బతుకున బతుకై' అనగానే ఘంటసాల. ఇంకాస్త తెలిసినవాడు శ్రీశ్రీ అంటాడు. వరస కట్టిన మనిషి మూడో స్థానంలో. 'ఈ నల్లని రాలలో' అంటే ఘంటసాల, సినారె. మళ్ళీ మూడో స్థానమే. ఘంటసాల గారికి ఆ గొంతే జెండా. రాజేశ్వరరావు గారు మొదట్లో పాడినా, తర్వాత తెర వెనక్కి వెళ్ళిపోయారు. తెర మీద గొంతు లేనివాడి పేరు ఇంటింటికీ వెళ్ళదు. మాయాబజార్ ఒక్కదాంట్లోనే కాదు, తన పేరు టైటిల్స్‌లో ఉన్న సినిమాల్లో కూడా ఆయనకి జరిగింది ఇదే. మిస్సమ్మ సంగీతం ఎవరిది అని వీధిలో అడిగి చూడండి.

పాతపాటల_పిచ్చి
బెజవాడ గారూ, ఇది నా బుర్రకి తట్టలేదు. మిస్సమ్మలో అన్ని పాటలూ నోటికొచ్చినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగొచ్చాను. "ఏ.ఎం. రాజా" అంది.

తబలా_శీను
😂 రాజా గారు పాడారు తల్లీ.

నిశాచరుడు
'కరుణించు మేరిమాత' నుంచి 'తెలుసుకొనవె చెల్లీ' దాకా ఒక్కో పాట ఒక్కో రకం. క్రైస్తవ ప్రార్థన, అక్క చెల్లెలికి బుద్ధి చెప్పడం, వెన్నెల్లో 'రావోయి చందమామ'. పింగళి గారి మాట ఎంత తేలికో వరస అంత తేలిక. ఇవన్నీ ఒకే మనిషి కట్టారంటే నమ్మబుద్ధి కాదు. తమిళంలో మిస్సియమ్మకి కూడా ఆయనే.

ఇజీనారం_కుర్రాడు
మా వయసు వాళ్ళకి ఆయన "కోటి గారి నాన్నగారు". రాజ్-కోటి పాటలు మా చిన్నప్పుడు ఊరంతా మోగేవి. రాజ్ గారు టి.వి. రాజు గారి అబ్బాయి, కోటి గారు సాలూరి వారి అబ్బాయి. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. నేను ఇటునుంచి వెనక్కి వెళ్ళి సాలూరి వారిని కనుక్కున్నాను. అది కూడా ఒక దారే కదా.

లలిత_గీతం
మంచి దారే. ఎటునుంచి వచ్చినా మల్లీశ్వరి దగ్గర కలుస్తాం.

సుధ_సంగీతం
బెజవాడ గారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నేను క్లాసులో ఒక పద్ధతి పెట్టాను. పాట పాడే ముందు పిల్లలు మూడు పేర్లూ చెప్పాలి, రాసినవారు, వరస కట్టినవారు, పాడినవారు. చెప్పాకే శ్రుతి పెట్టె ఆన్ చేస్తాను. లాహిరికి నాలుగు పేర్లు చెప్పిస్తున్నాను. పింగళి, సాలూరి, ఘంటసాల, లీల. పిల్లలకి అదేం బరువు కాలేదు, నోటికి వచ్చేసింది. టీవీ వాళ్ళకి అర నిమిషం పడుతుంది, అంతే.

రికార్డుల_రాజు
సుధ గారూ, ఇది నాకు నచ్చింది. టైటిల్స్‌లో ఉన్నది మార్చక్కర్లేదు, చరిత్ర అది. మనం పాడేటప్పుడు, రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ చెబుదాం. నా దగ్గర ఉన్న ప్లేట్ల జాబితాలో ఆ నాలుగు పాటల ఎదురుగా ఇవాళే రాస్తాను, "వరస: సాలూరి, నిర్వహణ: ఘంటసాల" అని. వీడియోలు పెట్టే కుర్రాళ్ళు ఇక్కడ ఉంటే మీరు కూడా కింద వివరాల్లో అలాగే రాయండి. రేపు వెతికేవాడికి అదే దొరుకుతుంది.

శారద_హైదరాబాద్
నేను ఆ యాప్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. ధన్యవాదాలు, పరిశీలిస్తాం అని వెంటనే ఒకటి వచ్చింది, అది మిషన్ పంపిందే. వదలను, మళ్ళీ పెడతాను. మీరూ తలా ఒకటి పంపండి, అప్పుడైనా ఎవరో ఒక మనిషి చదువుతారు.

పాతపాటల_పిచ్చి
నేను పంపేశాను. టీవీ వాళ్ళకి కూడా రాశాను. పాప బాగా పాడిందని మొదట రాసి, ఆ తర్వాత ఈ సంగతి రాశాను.

సినీజీవి
నేనూ పంపాను. ఇందాక అంత వాదించినా, రాత్రంతా డాక్టర్ చక్రవర్తి పాటలే విన్నాను. సరే గానీ, 1970ల తర్వాత ఆయన ఏం చేశారు? పేరు అంతగా కనపడదే.

రికార్డుల_రాజు
సినిమాలు తగ్గాయి కానీ మానలేదు. 1977లో కురుక్షేత్రం ఆయనదే. 1986లో తాండ్ర పాపారాయుడు కూడా. వరసల తీరు మారిపోయిన రోజులు అవి, డిస్కో మోత. అందులోనూ పౌరాణికం, చారిత్రకం అంటే ఆయన్నే పిలిచారు. 1999 అక్టోబరులో పోయారు.

నిశాచరుడు
తెలుగు బయట ఏం చేశారో ఎవరైనా చెప్పండి. అమరశిల్పి జక్కన కన్నడంలో కూడా ఉందని విన్నాను.

లలిత_గీతం
ఉంది. 1964, కన్నడంలో మొదటి రంగుల సినిమా అదే. రెండు భాషల్లోనూ సంగీతం సాలూరి వారిదే. ఇక తమిళంలో చంద్రలేఖ (1948). జెమినీ వాసన్ గారి సినిమా, దేశమంతా ఆడింది. అప్పుడు రాజేశ్వరరావు గారు జెమినీలో ఉండేవారు, వయసు ముప్ఫై కూడా లేదు. పెద్ద పెద్ద డ్రమ్ముల మీద వందలమంది నాట్యం చేసే ఘట్టం ఆ సినిమాలోదే. మల్లీశ్వరిలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలారని శారద గారు రాశారు చూడండి, మూడేళ్ళ ముందు అదే మనిషి ఇంత హోరు చేశారు.

తబలా_శీను
ఆ డ్రమ్ డాన్స్ నేను చూశాను. వాయించేవాడిగా చెప్తున్నా, అంతమంది అడుగులకి లయ తప్పకుండా కట్టడం మాటలు కాదు.

నిశాచరుడు
ఈ రాత్రికి చంద్రలేఖ పెడుతున్నాను. ఆ డాన్స్ ఎక్కడ వస్తుంది?

లలిత_గీతం
దాదాపు ఆఖర్న. ముందుకి జరిపేయకండి, సర్కస్ పాటలు కూడా వినండి.